పలక కింద గరిక

తెల్లారి నాలుగింటికి కంపెనీ వ్యాను వస్తాది.
మగ్గు, రబ్బరు కర్ర, మెడకు తువ్వాల.
గాలివీడని పేరుకే గాలి,
ఈడ పరిచింది మాత్రం ఎండను పట్టే పలకలు.
వరసకు రెండువందల నలభై. నా పాలికి ఆరు వరసలు.
బడి మొగం చూడనిదాన్ని,
నలభై ఆరేండ్లకు పలక తుడవడం నేర్చుకున్నా.

అంతకుముందు కువైట్లో తొమ్మిదేండ్లు.
మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన నా గది.
రాత్రిపూట గుడ్డలు ఆరేస్తాంటే
దూరంగా ఎడారి అంచున ఒక మంట కనపడేది.
ఎవరూ వంట చేసుకోని మంట.
ఆరదు, పెరగదు, వానొస్తాదని భయపడదు.
"ఎక్కువైన గ్యాసును ఊరికే కాలుస్తారక్కా"
అని చెప్పె పక్కింటి డ్రైవరు, సుండుపల్లె షరీఫు.
ఊరికే!
ఒక్క పిడకను తుంచి
రెండు పూటలకు సరిపెట్టే మాయమ్మను తల్చుకుంటి.

తిరిగొచ్చిన రెండో ఏడు
వీరబల్లి దారిలో మా మూడెకరాల చేనికి
ఎర్ర లారీలు వచ్చె.
ఆ ఏడు శనక్కాయకు ఊడలే దిగల్యా,
తొక్కితే పోయేదేముంది.
ఊరంతా గెనిమ మీదనే.
నీళ్ల బోరనుకొని కుళ్లాయమ్మ టెంకాయ తెచ్చె.
"నీళ్లకు గాదమ్మా, నూనెకు" అనె అద్దాల ఇంజనీరు.
"ఏం నూనె?" అనె ఆమె, టెంకాయ కొంగులో దాస్తా.
"బండ్లు నడిచే నూనె. మన నేలలోనే దొరికితే
ఇంకొకర్ని చెయ్యి చాచి అడిగే పని ల్యా."

అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టె.
మా చేన్లో ఒక మంట లేస్తే
పరాయి మిద్దెల మీద పండుకునే మా ఆడోళ్లు
ఇండ్లకు రారా అనుకుంటి.

పదకొండు దినాలు దంచినారు.
గూట్లో గిన్నెలు వాటంతటవే మోగె.
నల్లది, బూడిదరంగుది, మళ్లా నల్లది,
రాతిని చెరుకుగడల మాదిరి తీసి పెట్టెల్లో పేర్చి
ఒక ముక్కను నాలికతో నాకి చూసె ఇంజనీరు.
"శానా ముసలి రాయమ్మా. చేప పుట్టకముందుది.
నూనె కావాలంటే ఒకప్పుడు ఈడేదైనా
గుంపులు గుంపులుగా బతికి చచ్చుండాల."

"చచ్చేదానికి ఈడ కొదవా" అనె
మా చిన్నాయన అక్కులప్ప,
ముందు నెలే గొర్రెల్ని సంతకు తోలినోడు.
ఎవరూ నవ్వల్యా.

ఆరువందల పన్నెండు అడుగుల కాడ
గొట్టం కక్కె.
నీళ్లు!
చెయ్యి పెడితే గోరెచ్చన, నోట్లో పోస్తే రొంత ఉప్పన.
పిల్లోళ్లు చొక్కాలిప్పి దూకిరి.
కుళ్లాయమ్మ దాచిన టెంకాయ కొట్టె.
ఇంజనీరు మటుకు కాగితం మీద ఒక్క ముక్క రాసె.
ఏం రాస్తివి సామీ అంటే "డ్రై" అనె.
మా లెక్కలో ఎండుబావి అని.
తడిసిన బూట్లతో నిలబడి చెప్పె ఆ మాట.
మర్నాడు సిమెంటు పోసి, మూతేసి పోయిరి.
రూలంట.

ఇప్పుడీ పలకలు.
తవ్వేది లేదు, పొగ లేదు, మంచిదే.
కాని దుమ్ము పడితే కరెంటు తగ్గుతాదని
యాడ్నుంచో ట్యాంకరు నీళ్లు తెస్తారు.
పలకకు రెండు మగ్గులు.
బిందెకోసం జుట్లు పట్టుకున్నోళ్లం,
గాజు మీద నీళ్లు అట్ల జారిపోతాంటే
మొదట్లో నా చెయ్యి వణికేది.
"బిన్నా పొయ్యమ్మా, అభిషేకమా చేసేది"
అని అరిచేవాడు సూపర్‌వైజరు.

అది మేలా ఇది మేలా అని టీ అంగట్లో
రెడ్డెప్ప సారూ లైన్‌మన్ ఖాజా
గ్లాసులు చల్లారిందాకా కొట్లాడతారు.
నన్నడిగితే ఏం చెప్పేది?
ఆడ నూనె తెచ్చిన ఇంట్లో అంట్లు తోమితి,
ఈడ పొద్దును తినే గాజు తోముతాండా.
నడుం నొప్పి రెండిటికీ ఒకటే.

ఒకటి మాత్రం చూసినా.
పలక కింది అంచున నీళ్లు కారిన చోట
గీత గీసినట్టు గరిక మొలిచింది.
ఎవరూ ఇత్తనం చల్లల్యా.
కంచె కింద దూరి ఒక మేక వస్తాది, ఒంటి చెవిది.
కనపడితే తరమమని చెప్పినారు.

సూపర్‌వైజరు ఫోను మాట్లాడుకుంటా అటు తిరిగితే,
ఆరో వరస చివర్న
మూడో మగ్గు పోస్తా.